తీసుకో తల్లీ, ఇదీ తీసుకో

సాయంత్రం క్యాషు లెక్కలో పది రూపాయలు తేడా వస్తే, ఆ పది దొరికేదాకా కుర్చీలోంచి లేవని జాతి మాది. బ్యాంకు కౌంటర్లో కూర్చునే నాకు జుట్టు నెరిసింది. ఇంటి దగ్గరా అంతే. కూరగాయలమ్మి కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు పడెయ్యకపోతే ఆ పూటంతా నాకు మనశ్శాంతి ఉండదు. అలాంటి నన్ను చెస్ బోర్డు ముందు కూర్చోబెట్టి చూడండి. కర్ణుడు మాకు మేనమామ వరస అనుకుంటారు. రెండో ఎత్తులోనే ఒక బంటు దానం. కాసేపాగి గుర్రం దానం. ఎదుటివాడు మొహమాటపడితే బతిమాలి మరీ ఇస్తాను.

ఈ దానధర్మానికి కింగ్స్ గ్యాంబిట్ అని పేరు. చెస్ రానివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. తెల్లవాడు రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరుపుతాడు. నల్లవాడూ అదే చేస్తాడు. ఇక్కడిదాకా మర్యాదస్తుల ఆటే. రెండో ఎత్తులో తెల్లవాడు రాజుకి కుడిపక్కనున్న బంటుని కూడా తీసుకెళ్ళి నల్లబంటు నోటి దగ్గర పెడతాడు. కాపలా లేదు, ఊరికే వస్తోంది, తినమంటాడు. తింటే నల్లబంటు నడిమి గళ్ళు వదిలేసి పక్కకి పోతుంది, మధ్యలో పెత్తనం మనదవుతుంది. ఆ నిలువు వరస ఖాళీ అయిందంటే మన ఏనుగు నేరుగా వాడి రాజు గుమ్మంలోకి చూస్తుంది. ఎఫ్7 అని ఒక గడి ఉంటుంది. ఆట మొదట్లో ఆ గడిలో ఉన్న బంటుకి రాజు తప్ప వేరే దిక్కు ఉండదు. మన కన్నంతా దాని మీదే. ఇన్ని లాభాల్లో ఉన్న చిన్న లోపమల్లా, మన రాజుగారింటి తలుపు కూడా మనమే ఊడబీకి అవతల పారేస్తాం. ఆ సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. తలుపులేసుకుని కూర్చునేది పిరికివాళ్ళని నా అభిప్రాయం.

మీరు ఎవరికీ చెప్పరని నిజం చెప్పేస్తున్నాను. నేను గ్యాంబిట్ మొదలుపెట్టింది గెలవడానికి కాదు. బుద్ధిగా ఆడే ఓపెనింగులతో ఒక చిక్కుంది. గెలిస్తే గెలిచాడంటారు, ఓడితే ఓడాడంటారు. అక్కడితో అయిపోయె. గ్యాంబిట్‌లో అలా కాదు. గెలిస్తే ‘ఏం ఆడాడ్రా’ అంటారు. ఓడితే ‘ఓడితే ఓడాడు గానీ, ఏం గుండెరా వాడిది’ అంటారు. ఎటు చూసినా మనకే జమ. హోటల్లో పదిమంది చూస్తుండగా ‘నేనిస్తా, నేనిస్తా’ అంటూ సర్వరు చేతిలోంచి బిల్లు లాక్కుని, తర్వాత బస్సుకి చిల్లర లేక ఇంటికి నడుచుకుంటూ పోయే మనిషి ఒకడుంటాడే, వాడూ నేనూ ఒకటే. నవ్వకండి. ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఆ బిల్లు లాక్కునే ఉంటారు.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు అడాల్ఫ్ అండర్సన్. జర్మన్ దేశస్థుడు, బ్రెస్లావ్ అనే ఊళ్ళో లెక్కల మాస్టారు. 1851లో లండన్‌లో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ టోర్నమెంటు గెలిచింది ఈయనే. కానీ లోకం గుర్తుపెట్టుకున్నది ఆ గెలుపుని కాదు. పోటీ రోజుల్లో ఖాళీ దొరికినప్పుడు కీజెరిట్‌స్కీ అనే ఇంకో ఆటగాడితో సరదాకి ఆడిన ఒక ఆటని. అదీ కింగ్స్ గ్యాంబిట్టే. అందులో అండర్సన్ ఒక బిషప్పుని ఇచ్చాడు, ఏనుగులు రెండూ ఇచ్చాడు, ఆఖరికి మంత్రినీ ఇచ్చేశాడు. మిగిలిన ఒక్క బిషప్పుతో, రెండు గుర్రాలతో 23వ ఎత్తులో ఆట కట్టించాడు. అప్పటికి నల్లవైపు పోయినవి మూడంటే మూడు బంట్లు. సామానంతా నిండుగా పెట్టుకుని చచ్చిపోయాడు పాపం కీజెరిట్‌స్కీ. తర్వాత ఆ ఆటకి ‘ఇమ్మోర్టల్ గేమ్’ అని పేరొచ్చింది. విశేషమేమిటంటే, దాన్ని మొదట తన పత్రికలో అచ్చేసింది ఓడినాయనే. అంత పెద్దమనసు ఎవరికుంటుంది? నా మీద ఓడినవాళ్ళెవరూ ఇంతవరకూ కాఫీ కూడా ఇప్పించలేదు.

ఆ ఆట నాకు విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో దొరికింది. అట్టలేని పుస్తకం. ఆ పేజీ పైభాగం చిరిగిపోయి మొదటి నాలుగైదు ఎత్తులు లేవు. కింద బొమ్మ ఉంది, దాని పక్కన కింగ్స్ గ్యాంబిట్ అని ఉంది, మంత్రిని ఇచ్చేసే ఆ మహత్తరమైన ఎత్తు ఉంది. నాకది చాలు. చిరిగిపోయిన ముక్క నేనే భర్తీ చేసుకున్నాను. అండర్సన్ లెక్కల మాస్టారు, నేను లెక్కల మనిషిని, ఆయనకి తోచింది నాకు తోచదా?

ఇక సాక్ష్యాలు పోగుచేయడం మొదలైంది. ఒక బుద్ధితక్కువ పని చేయాలని నిర్ణయించుకున్నవాడికి ప్రపంచంలో సాక్ష్యాలకి కొదవుండదు. 1560ల్లోనే స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ తన పుస్తకంలో దీని గురించి రాశాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఎదుటివాడు ఇచ్చిన బంటు తీసుకోకపోవడం మగతనం కాదనుకునేవాళ్ళట. 1960లో స్పాస్కీ ఈ గ్యాంబిట్‌తోనే బ్రాన్‌స్టీన్‌ని కొడితే, ఆ ఆట బోర్డుని తీసుకెళ్ళి జేమ్స్ బాండ్ సినిమా ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో పెట్టారు. వేరే గ్యాంబిట్లలోకి వెళితే, 1995లో రీగాలో కాస్పరోవ్ ఎవాన్స్ గ్యాంబిట్ ఆడి మన ఆనంద్ అంతటివాణ్ణి 25 ఎత్తుల్లో ముగించాడు. ఈ వరసలో తర్వాతి పేరు నాదేనని మా బ్యాంకులో అందరికీ చెప్పేశాను కూడా.

వ్యతిరేక సాక్ష్యం లేకపోలేదు. 1960లోనే అర్జెంటీనాలో బాబీ ఫిషర్ ఈ గ్యాంబిట్ మీదే స్పాస్కీ చేతిలో ఓడాడు. ఒళ్ళు మండి ఆ మరుసటేడు ఒక వ్యాసం రాశాడు. కింగ్స్ గ్యాంబిట్ పని అయిపోయింది, మూడో ఎత్తులో నల్లవాడు మంత్రి ముందున్న బంటుని ఒక్క గడి, ఒకే ఒక్క గడి జరిపితే చాలు అన్నాడు. చదివి ఓడినవాడి ఏడుపులే అని తీసిపారేశాను. నాకు తోడు అన్నట్టు ఆ ఫిషరే తర్వాత కొన్నాళ్ళకి తెల్లసామానుతో కింగ్స్ గ్యాంబిట్ ఆడి గెలిచాడు. చూశారా, ఆయనకే నమ్మకం లేదు!

ఇంత ధైర్యం నాకెక్కణ్ణించి వచ్చిందంటే, మా బ్యాంకు లంచ్ అవర్ నుంచి. అక్కడ నా ప్రత్యర్థి ఒక చేత్తో పెరుగన్నం కలుపుకుంటూ రెండో చేత్తో ఎత్తులేస్తాడు. గుర్రాన్నిస్తే ‘ఊరికే వస్తుంటే వద్దంటామా’ అని తీసుకుంటాడు. నాలుగెత్తుల తర్వాత కట్టు. చుట్టూ నిలబడినవాళ్ళు ఆహా అనేవాళ్ళు. లంచ్ అవర్ అండర్సన్ అని నాకో బిరుదు కూడా వచ్చింది. వచ్చింది అంటే, నేనే పెట్టుకుని, మెసెంజరు చేత రెండుమూడుసార్లు అనిపించాను.

ఆ ఊపులో గుంటూరులో రేటింగ్ టోర్నమెంటుకి ఎంట్రీ ఫీజు కట్టేశాను. గుంటూరంటే మాటలా? పెంటేల హరికృష్ణ ఊరు. 2001లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరైనవాడు. ద్రోణవల్లి హారికదీ ఆ ఊరే. అవతల కృష్ణా జిల్లాలో కోనేరు హంపి సంగతి చెప్పక్కర్లేదు. ఆ ప్రాంతంలో తల్లిదండ్రులు పిల్లలకి అక్షరాభ్యాసం, చెస్ కోచింగూ ఒకే ముహూర్తానికి పెడతారేమోనని నా అనుమానం. ఈ సంగతి తెలిసినవాడు కాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకుని వెళ్ళాలా? నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వెళ్ళాను. ఇమ్మోర్టల్ గేమ్ ఆడేరోజు ఫొటోలు తీస్తారు కదా.

కల్యాణమండపం. పెళ్ళిపీటలుండే చోట ఆర్బిటర్లు. కింద బారులుగా బల్లలు. తలుపు బయట క్యారేజీలు, వాటర్ బాటిళ్ళు పట్టుకుని అమ్మలు. నా బోర్డు వెతుక్కుని వెళితే ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు. రాలేదేమో, వాకోవరేమో అనుకునేలోపు బల్ల కింద నుంచి రెండు జడలు పైకొచ్చాయి. పడిపోయిన పెన్ను తీసుకుంటోంది. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందక అలా ఊగుతున్నాయి. ‘గుడ్ మార్నింగ్ అంకుల్’ అంటూ చెయ్యి చాపింది. చేతికి మామిడికాయ జ్యూసు జిగురు.

నిజంగా జాలేసింది. ఇంత చిన్నపిల్ల మీద ఇంత పెద్ద ఆయుధం వాడాలా అని ఒక క్షణం తటపటాయించాను. పోనీలే, ఎప్పటికైనా పెద్దయ్యాక చెప్పుకుంటుంది, ఆ ఆటలో అవతల కూర్చున్నది నేనే అని. కీజెరిట్‌స్కీ పేరు మిగల్లేదూ?

రాజు బంటు. అమ్మాయీ అంతే. ఎఫ్ బంటుని నెట్టి, గడియారం మీద ఠప్పున కొట్టి, వెనక్కి వాలాను. పాప తీసుకుంది. గుర్రాన్ని తెచ్చాను. ఇప్పుడు పాప బంట్లని ముందుకి తోస్తుంది, నా గుర్రం మీదికి వస్తుంది, నేను లెక్కచెయ్యకుండా గుర్రాన్ని వదిలేస్తాను, చుట్టూ జనం మూగుతారు. ఇదీ నా పథకం.

పాప మంత్రి ముందున్న బంటుని జరిపింది. ఒక గడి. ఒకే ఒక్క గడి.

ఏదో చదివినట్టుందే అనిపించింది కానీ, ఏమిటో గుర్తురాలేదు. బిషప్పుని తెచ్చాను. పాప చివరి వరసలో ఓ బంటుని ఓ గడి. మధ్యలో ఇంకో బంటు తోశాను. పాప ఏనుగుపక్క బంటుని రెండు గళ్ళు, దానికి వెనక ఇంకో బంటు దన్ను. కోట కట్టుకున్నాను. పాప బిషప్పుని మూలకి తెచ్చి పెట్టింది. అంతా గోడ కట్టినట్టుంది. నా గుర్రం జోలికి ఎవరూ రారు. దానం చెయ్యడానికొచ్చినవాడికి పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎత్తు ఎత్తుకీ పాప స్కోర్‌షీట్ మీద గుండ్రంగా, కాపీ రాసుకున్నట్టు రాసుకుంటోంది. కాళ్ళు ఊగుతున్నాయి. చూసేవాళ్ళెవరూ లేరు. ఒక వాలంటీర్ కుర్రాడు అటు వస్తూ కనిపించాడు.

అంతే, ఆ కుర్రాడి కోసం బిషప్పుని పట్టుకెళ్ళి ఎఫ్7 బంటు మీద వేసేశాను. చెక్! స్కోర్‌షీట్‌లో రాసుకుని పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాను. రాజు తినేశాడు. తిననీ. గుర్రం ఎగిరి ఇ5 గడిలోకి, మళ్ళీ చెక్! బంటు తినేసింది. ఆఁ, ఇదే కావాలి, మంత్రి బయటికి, చెక్! పాప రాజుని ఒక గడి వెనక్కి జరిపి ముక్కు తుడుచుకుంది. రెండో బిషప్పు, ఇదిగో, ఎఫ్4 మీద, తిను! బంటుతో తినేసింది. ఏనుగుతో తిన్నాను, చెక్! ఇంకో బంటుతో ఆ ఏనుగునీ తినేసింది. అక్కడ ఆ బంటు ఎప్పణ్ణించి ఉంది? ఆట మొదలైన దగ్గర్నుంచీ ఆ పక్కనే ఉందిట. చెవుల్లోంచి ఆవిర్లు. చెమటలు. సెంటు వాసనతో కలిసి నాకే తల తిరిగింది. ఇప్పుడు ఆగితే పరువేం కాను? మంత్రిని ఎత్తి ఎఫ్5 గడిలో పెట్టి, గట్టిగా, పక్క రెండు బల్లలకి వినబడేలా, ‘చెక్’ అన్నాను.

నా వేళ్ళు మంత్రి మీంచి పూర్తిగా రాకముందే పాప చెయ్యి వచ్చేసింది. సి8 గడిలో ఓ బిషప్పు ఉంది. ఆట మొదలైన దగ్గర్నుంచీ అది అసలు కదల్లేదు. పుట్టిన చోటే కూర్చుని, నేను దారిలోకి వచ్చేదాకా ఓపిక పట్టి, మూడుగళ్ళు దాటొచ్చి నా మంత్రిని ఎత్తుకుపోయింది.

లెక్క వేసుకున్నాను. అలవాటు కదా. ఇచ్చినవి బిషప్పులు రెండు, గుర్రం ఒకటి, ఏనుగు ఒకటి, మంత్రి ఒకటి. అండర్సన్ ఇచ్చిన దానికంటే ఒక శాల్తీ ఎక్కువే. ఆయనకి 23 ఎత్తులు పట్టింది, నేను 12లో తేల్చేశాను. అటుపక్క మిగిలిన ఏనుగూ గుర్రమూ ఆట మొదట్లో ఎక్కడ పెట్టారో అక్కడే, పెళ్ళిలో పిలవని చుట్టాల్లా చేతులు కట్టుకుని ఉన్నాయి. వాటికి పనే చెప్పలేదు నేను. ఉన్న సైన్యంలో ఇద్దర్ని ఇంట్లో పడుకోబెట్టి, మిగతావాళ్ళని ఒకరి తర్వాత ఒకర్ని బావిలోకి తోశాను.

ఇమ్మోర్టల్ గేమ్ గురించి నాకెవరూ చెప్పని ముఖ్యమైన సంగతి ఒకటుంది. అండర్సన్ ఎంత బాగా ఆడినా, అవతల కీజెరిట్‌స్కీ ఉండాలి. అవన్నీ పుచ్చుకుని, మర్యాదగా చావడానికి ఒప్పుకోవాలి. ఆ పాత్ర తనదని ఈ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

సంతకాలయ్యాయి. బయట మెట్ల మీద పాప తల్లి టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. పెద్దరికం నిలబెట్టుకోవాలిగా, వెళ్ళి అన్నాను: ‘బాగా ఆడావమ్మా. నేను ఆడింది మామూలు ఆట కాదు తెలుసా? అండర్సన్ ఇమ్మోర్టల్ గేమ్ అని ఉంది...’

‘తెలుసంకుల్. మా సార్ చూపించారు,’ అంది ఇడ్లీ నోట్లో పెట్టుకుంటూ. ‘కానీ అందులో థర్డ్ మూవ్ బిషప్ కదా. మీరు నైట్ ఆడారు. అది వేరే.’

చిరిగిపోయిన పేజీ పైముక్క గుంటూరు కల్యాణమండపం మెట్ల మీద దొరికింది నాకు. ఇన్నేళ్ళూ నేను అండర్సన్ వారసుణ్ణని చెప్పుకుంటూ ఆడింది అండర్సన్ ఆటే కాదు.

‘నైట్ తెస్తే డి6 ఆడమన్నారు సార్. ఫిషర్ డిఫెన్స్,’ అని పాప ఇంకా ఏదో చెప్పబోతుంటే వాళ్ళమ్మ, ‘అంకుల్‌ని విసిగించకు, తిను’ అని గదిమింది. ఆవిడ కళ్ళల్లో కనిపించిన దయని నేను బతికుండగా మరచిపోలేను.

మా ఆవిడ ఫోన్ చేసింది. ‘గెలిచారా?’

‘అద్భుతమైన ఆట.’

‘నేనడిగింది అది కాదు.’

‘భోజనం చేశావా?’ అన్నాను.

రెండో రౌండు. ఇప్పుడు నల్లసామాను. ఎదురుగా పంచె కట్టుకున్న పెద్దాయన, పొద్దున ఆయనా ఓడినవాడే. రాజు బంటు జరిపాడు. నేనూ జరిపాను. ఆయన వణికే చేత్తో ఎఫ్ బంటుని మెల్లగా తోసి, నా వంక చూశాడు.

నాకు పట్టరాని సంతోషం. పొద్దున నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు ఈయన మొహంలో చూడొచ్చు. పైగా మందు నా దగ్గరుంది. పుచ్చుకున్నాను. గుర్రాన్ని తెచ్చాడు. మంత్రి ముందున్న బంటుని జరిపాను, ఒక గడి, ఒకే ఒక్క గడి. ఆయన మధ్యలో బంటు తోశాడు. నేను పాప కట్టినట్టే గోడ కడదామని ఏనుగుపక్క బంటుని రెండు గళ్ళు తోశాను. దానికి వెనక దన్నుగా ఉండాల్సిన చిన్న బంటు ఎత్తు తొందర్లో మరిచిపోయాను. పాప ముందు దన్ను పెట్టింది, తర్వాత తోసింది. నేను ముందు తోశాను. పరాయివాడి ఆట కాపీ కొట్టడంలో కూడా ఒక పేజీ చిరిగిపోయినట్టుంది నాకు.

ఆయన చివరి వరస బంటుతో దాన్ని గుద్దాడు. నాది ముందుకు దూకి ఆయన గుర్రం మీద పడింది. ఆయన గుర్రాన్ని తీసి, బయల్దేరిన గడిలోనే తిరిగి పెట్టేశాడు. నేను నవ్వాపుకున్నాను. ఇదేం గ్యాంబిట్ స్వామీ, గుర్రం మీద చెయ్యిపడితే ఇచ్చెయ్యాలి గానీ ఇంటికి తీసుకుపోతారా? ఆ ఎత్తు పుస్తకాల్లో ఉన్న అసలైన ఎత్తని నాకు తర్వాత తెలిసింది. నా బంట్లు రెండూ దిక్కులేకుండా ముందుకొచ్చి నిలబడి ఉన్నాయి. ఆయన బిషప్పు తీరిగ్గా వచ్చి, నేను కాపాడుకుంటున్నానని అనుకున్న ఆ ఎఫ్ బంటుని తీసేసుకుంది. ఆ తర్వాత ఒక గుర్రం, రెండో గుర్రం, ఆ పక్క ఏనుగు. ఒక్కొక్కటిగా, పేర్లు పిలిచినట్టు, అన్నిటినీ బయటికి తెచ్చాడు. తొందర లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఆఖరి చెక్ చెప్పింది, నేను పొద్దున ముట్టుకోను కూడా ముట్టుకోని ఆ మూల ఏనుగే.

చెయ్యి కలిపి, ఉండబట్టలేక అడిగాను. ‘కింగ్స్ గ్యాంబిట్ ఆడి ఏమీ ఇవ్వలేదేంటి మాస్టారూ?’

‘బంటు ఇచ్చాగదయ్యా.’

‘అది మళ్ళీ తీసేసుకున్నారుగా!’

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ‘తీసుకోక? రిటైరయ్యేదాకా సొసైటీలో అప్పులు వసూలు చేసింది ఎవరనుకున్నావు?’